కంచె లోపలి తడి

మా తమ్ముడి గురించి చెప్పాలంటే ముందు నా కోపం గురించి చెప్పాలి. దాన్ని చిన్నప్పటినుంచి నీళ్ళు పోసి పెంచినవాడు వాడే. పని చెప్తే కాదనడు, "చేద్దాంలే అక్కా" అంటాడు, అంతే, ఆ పని సంగతి ఇక మరిచిపోవచ్చు. వీధిలో అందరూ వాణ్ణి నిదానం అని పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని వాడే వెనక్కి తిరిగి చూస్తాడు.

నాన్న పోయాక కొండవాలు మా ముగ్గురికీ మూడు చెక్కలుగా వచ్చింది. పైనుంచి కిందికి మూడు పట్టీలు, పక్కపక్కనే. అన్నయ్యది ఎడమ, నాది మధ్య, తమ్ముడిది కుడి. పంచుకున్న రోజున మూడూ ఒకే రూపులో ఉండేవి: అక్కడో పరక ఇక్కడో పరక గడ్డి, మిగతాదంతా గులకరాళ్ళు, వాన పడితే కోసుకుపోయే ఎర్రమట్టి. తాతల కాలంలో అక్కడ అడవి ఉండేదట. బొగ్గు కాల్చడానికి నరికేశారు. ఆ తర్వాత ఎవరికి తోచిన పశువుల్ని వాళ్ళు తోలారు. మా వంతుకు ఆ బోడితల మిగిలింది.

అన్నయ్య తన చెక్కను దున్నాడు. పని లేకపోతే అన్నయ్యకు జబ్బు చేస్తుంది. ఏటా వానకు ముందొకసారి, తర్వాతొకసారి, పైనుంచి కిందికి నిట్టనిలువుగా చాళ్ళు తీసి పప్పుగింజలు చల్లుతాడు. నేను మేకలు పెట్టుకున్నాను. పాలు పిండి, క్యాన్లలో పోసుకుని, పొద్దున్నే కింద వీధిలో ఇళ్ళకూ టీ కొట్టుకూ వేస్తాను. మా ఆయన లారీ తోలతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. కాబట్టి ఇల్లూ మేకలూ కేకలూ అన్నీ నా పెత్తనమే.

ఇక తమ్ముడు ఏం చేశాడంటే, పడుకున్నాడు. తన చెక్క అడుగున ఒక రేకుల షెడ్డు వేసుకుని గడియారాలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఇచ్చిన గడియారం తిరిగొచ్చేసరికి ఇచ్చినవాళ్ళు కొత్తది కొనుక్కునేవారు. మధ్యాహ్నం కాగానే షెడ్డు మూసి, వాలు మీదకెళ్ళి ఒక రాయి నీడన నిద్ర. ఒకసారి నా మేక ఒకటి వాడి చొక్కాను భుజం దాకా నమిలేసింది. అయినా లేవలేదు. లేచాక మాత్రం జీవితంలో మొదటిసారి ఒక పని మొదలుపెట్టి పూర్తిచేశాడు: ముళ్ళకంప నరికి తెచ్చి చెక్క చుట్టూ కంచె వేశాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఏళ్ళు గడిచాయి. కంచె లోపల గడ్డి మోకాళ్ళు దాటింది. పేరు తెలియని పొదలు లేచాయి. ఎండుటాకులు ఎత్తేవాళ్ళు లేక పోగుపడ్డాయి. పాలకు వెళ్తూ రోజూ ఆ అవతారం చూసి పళ్ళు నూరేదాన్ని. "ఉన్న చెక్కను గాలికొదిలేశాడు" అని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేదాన్ని. నాది చూడండి, ఊడ్చి పెట్టినట్టుంటుంది అని కూడా అనేదాన్ని. ఊడ్చినట్టే ఉండేది మరి. మేకలు ఒక్క పరక మిగిల్చేవి కావు.

చిక్కు అక్కడే వచ్చింది. మందకు మేత చాలడం లేదు. మా మూడు చెక్కలకూ పైన, కొండ నెత్తి దాకా, ఎవరికీ పంచని భాగం ఒకటి ఉంది. అది నాకు దక్కితే మందను అటు తోలుకోవచ్చు. దక్కకపోతే వానలు వెళ్ళగానే సగం మేకల్ని అమ్మేయాలి. మేకల బేరగాడు అప్పటికే ఒకసారి వచ్చి వాటి నోళ్ళు తెరిచి పళ్ళు చూసిపోయాడు. వాటిలో నేను కొన్నది ఒక్కటీ లేదు. అన్నీ నా చేతుల్లో పుట్టినవే, కొన్ని అడ్డం తిరిగితే నేనే లాగి తీసినవి.

పైభాగం సంగతి తేల్చుకుందామని అన్నయ్య వంటింట్లో కూర్చున్నాం. అన్నయ్య దున్నుతానన్నాడు. నేను మేకల్ని తోలతానన్నాను. మాటకు మాట పెరిగింది. గొంతుల విషయంలో మా ఇద్దరికీ నాన్న పోలికే. వదిన పొయ్యి దగ్గరనుంచి కదలకుండా, "కాస్త గట్టిగా అనండి, చివరింటివాళ్ళకు సరిగ్గా వినపడటం లేదట" అంది.

"నీకేం కావాల్రా?" అని అన్నయ్య తమ్ముణ్ణి అడిగాడు.

"నాకేం వద్దన్నయ్యా. అలా వదిలేద్దాం దాన్ని" అన్నాడు వాడు, చేతిలోని గడియారం ముల్లును వెలుతురుకు పెట్టి చూసుకుంటూ.

"వదిలెయ్యడం తప్ప నీకు ఇంకేం చేతనవును?" అన్నాను.

అప్పుడు మా మేనకోడలు కల్పించుకుంది. అన్నయ్య ఒక్కగానొక్క కూతురు. టౌన్లో మట్టి పరీక్షలు చేసే ఆఫీసులో పని, సెలవు పెట్టి ఇంటికొచ్చింది. "అత్తా, మీరు అరుచుకుంటే ఇది తేలదు. మూడు చెక్కలూ ఒకప్పుడు ఒకటే నేల కదా. ఇన్నేళ్ళలో ముగ్గురూ మూడు రకాలుగా వాడారు. ఈసారి పెద్ద వాన పడ్డాక రెండు వారాలు ఆగి, మూడు చోట్లా మట్టి తీసి చూస్తాను. ఎవరి దాంట్లో తడి ఎక్కువ మిగిలితే పైభాగం వాళ్ళ చేతికివ్వండి. తడి ఉంచుకోలేని నేల మీద గింజలైనా మొలవవు, మేతైనా పెరగదు" అంది.

అన్నయ్య వెంటనే ఒప్పుకున్నాడు. దున్నిన నేలలోకే కదా నీళ్ళు దిగేది అని తన ధీమా. నేనూ ఒప్పుకున్నాను. ఏళ్ళ తరబడి మేకల ఎరువు పడిన నేల నాది. తమ్ముణ్ణి ఎవరూ అడగలేదు. వాడూ చెప్పలేదు.

వాన దంచికొట్టింది. వెలిశాక పిల్ల మూడు చెక్కల్లోనూ ఒక్కో కర్ర పాతి గుడ్డపీలిక కట్టింది, అక్కడే మట్టి తీస్తానని. ఆ తర్వాత చినుకు లేదు. ఎండలు కాశాయి.

గడువు రేపనగా సాయంత్రం పాల క్యాన్లు కడుగుతున్నాను. కడిగిన నీళ్ళు రోజూ గుమ్మం పక్కన పారబోస్తాను. ఆ రోజు ఎందుకో పారబోయలేదు. మోసం చేద్దామని కాదు. వాన నా చెక్క మీద కాస్త తక్కువ పడిందేమోనని అనుమానం, ఆ లోటు పూడ్చుదామని, అంతే. క్యాన్ ఎత్తుకుని పైకి నడిచాను.

కర్ర మొదట్లో నీళ్ళు పోశాను. అవి లోపలికి దిగలేదు. పళ్ళెం మీద పోసినట్టు జారి, మేకల బాటలో దారి చేసుకుని కిందికి పరిగెత్తాయి. వెంట కాస్త మట్టినీ తీసుకుపోయాయి. నేల పైపైన మాత్రం చెమ్మగిల్లింది. వాలు ఎక్కువ కదా అని సర్దిచెప్పుకున్నాను. మిగతా నీళ్ళు చేత్తో కొంచెం కొంచెంగా చిలకరించి, ఖాళీ క్యాన్‌తో దిగుతుంటే అన్నయ్య ఎదురయ్యాడు. చేతిలో బకెట్, దాని మీద మూత.

"ఏంటన్నయ్యా బకెట్?"

"ఊరికే. నీ చేతిలో క్యాన్ ఏంటి?"

"ఊరికే."

"గాలి బాగుంది" అన్నాడు అన్నయ్య.

"బాగుంది" అన్నాను. చెరో దారి పట్టాం. బకెట్‌లో నీళ్ళ చప్పుడు నాకు వినపడింది. వినపడనట్టు నడిచాను. అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ మాత్రం మర్యాద ఉండాలి.

మర్నాడు పిల్ల ఇనుప గొట్టం, సుత్తి, మూతలున్న చిన్న డబ్బాలు పట్టుకుని వచ్చింది. ముందు వాళ్ళ నాన్న చెక్కలో తీసింది, తర్వాత నా దాంట్లోకి వచ్చింది. గొట్టం దిగదే. సుత్తితో కొట్టింది. చెమటలు కక్కుతూ మళ్ళీ కొట్టింది. చివరికి పైకి లాగి, మట్టిని గుడ్డ మీద పరిచి చాలాసేపు చూసింది.

"అత్తా, వాన పడి రెండు వారాలైతే పైన ఆరిపోయి లోపల తడి ఉండాలి. ఇక్కడ పైన తడి, లోపల పొడి. ఇదేం వాన?"

"మంచు పడిందేమో" అన్నాను.

"నీ చెక్క మీదేనా?"

"మీ నాన్న దాంట్లో కూడా పడే ఉంటుంది, చూడు."

"అక్కడా పడింది" అంది పిల్ల. అన్నయ్య ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు. పిల్ల మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, పైమట్టి ఒక డబ్బాలో, లోపలిది ఒక డబ్బాలో వేసి మూతలు బిగించింది.

తమ్ముడి కంచె దగ్గర కంప పక్కకు జరిపి లోపలికెళ్ళింది. మేం బయటే నిలబడ్డాం. అక్కడ సుత్తి చప్పుడు వినపడలేదు. చేతుల బరువుకే గొట్టం దిగిపోయిందట. బయటికొచ్చి గుడ్డ మీద పరిచింది. పైన ఎండు గడ్డి, దాని కింద ముదురు రంగు మట్టి, సన్నటి వేళ్ళు పట్టుకుని ముద్దముద్దగా. అందులోంచి ఒక వానపాము తల ఎత్తి, ఇదేం గొడవ అన్నట్టు మళ్ళీ లోపలికి దూరింది. పిల్ల ముఖం వెలిగిపోయింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, అన్నయ్య మాత్రం నా వైపు చూడలేదు.

తడి లెక్క కట్టే పద్ధతి తేలికే. తీసిన మట్టిని తూచాలి, ఓవెన్‌లో బాగా ఎండబెట్టాలి, మళ్ళీ తూచాలి. తగ్గిన బరువంతా నీళ్ళది. ఆఫీసులో చేస్తే మాకు తెలియకుండా ఏం చేస్తారోనని పట్టుబట్టి, అన్నయ్యే ఇంట్లో చేయించాడు. అంత నిజాయితీపరుడు. వదిన తన ఓవెన్‌లో మట్టి డబ్బాలు వరసగా కూర్చోవడం చూసి మూతి ముడుచుకుంది. "రేపట్నుంచి అదే వడ్డిస్తాను, తినండి" అంది.

కాసేపటికి వంటింట్లో వాసన మొదలైంది. ముందు పాలు మాడిన వాసన. వదిన పొయ్యి వైపు పరిగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ వెంటనే గులాబీ సబ్బు వాసన, అది కూడా గుప్పుమని. వదిన ఓవెన్ తలుపు తీసి, వంగి వాసన చూసి, నిలబడి, మొదట నన్నూ తర్వాత మొగుణ్ణీ చూసింది.

"నీ క్యాన్లు కడిగిన నీళ్ళా?" అంది నాతో. అన్నయ్య వైపు తిరిగి, "ఒంటికి రాసుకోమని సబ్బు కొనిస్తే కొండకు స్నానం చేయించారా?" అంది.

ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. పిల్ల నవ్వలేక గోడ పట్టుకుంది. వదిన తమ్ముణ్ణి అడిగింది, "నువ్వేం పోయలేదా?"

"పోయాలనే అనుకున్నా వదినా. కానీ బకెట్ పట్టుకుని పైకెక్కాలి కదా" అన్నాడు వాడు.

వంటిల్లు ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ, మర్నాడు తూకం చూడకముందే నాకు అర్థమైపోయింది.

తూకం కూడా అదే చెప్పింది. నా లోపలి మట్టి డబ్బా ఎండాక కూడా బరువు దాదాపు మారలేదు. ఎండటానికి అందులో ఏముంది గనక. అన్నయ్యది కాస్త నయం. తమ్ముడిది చూసి అన్నయ్య తక్కెడ తప్పేమోనని మళ్ళీ తూపించాడు. మళ్ళీ అంతే.

"మేకల గిట్టల కింద నేల గట్టిపడిపోయిందత్తా. వాన దాని మీద పడుతుంది గానీ లోపలికి పోదు" అంది పిల్ల, బాధపెట్టకుండా చెప్పాలని చూస్తూ. "నాన్న దాంట్లో నీళ్ళు దిగుతాయి. కానీ మీద ఏ కప్పూ లేదు, ఎండ లాగేస్తుంది. చాళ్ళు నిలువుగా ఉన్నాయి కాబట్టి మిగతాది కిందికి కాలవ కట్టింది. బాబాయి దాంట్లో గడ్డి కూడా తాగుతుంది, తాగదని కాదు. కానీ అది తాగేదానికంటే వేళ్ళ వెంట లోపలికి దించేది ఎక్కువ. ఎండుటాకులు పైన దుప్పటిలా ఉన్నాయి. ఇక్కడ జరిగింది అది."

"ఏమీ చెయ్యకుండా గెలిచాడు" అన్నాను. నా గొంతు నాకే చేదుగా వినిపించింది.

పైభాగం తమ్ముడికే పోయింది. ఏం చేస్తావురా అని అన్నయ్య అడిగితే, "కంచె వేస్తాను" అన్నాడు. ఆ తర్వాత అంటే, "ఆ తర్వాత ఏమీ చెయ్యను" అన్నాడు. అన్నయ్య ముక్కున వేలేసుకున్నాడు గానీ, ఆ వారంలోనే తన చెక్కలో చాళ్ళు అడ్డంగా తీయడం మొదలుపెట్టాడు. పని దొరికింది కదా, ఓడిన సంగతే మరిచిపోయాడు.

నాకు మరవడం చేతకాలేదు. ఇంటికొచ్చి దొడ్డి గోడకు చేరబడి నా చెక్క వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ కొండంటే నాకు ప్రాణం. పెళ్ళయ్యాక మా ఆయన టౌన్లో ఇల్లు చూస్తానంటే వద్దన్నది ఈ కొండ కోసమే. తమ్ముడు దాన్ని గాలికొదిలేశాడని ఊరంతా చాటినదాన్ని, రోజూ పొద్దున లేచి దాన్ని తొక్కించి తొక్కించి బండ చేసింది నేనే. ఏడుపొచ్చింది. మేకలొచ్చి చుట్టూ నిలబడి నా కొంగు నమలడం మొదలుపెట్టాయి. వాటికేం తెలుసు.

బేరగాడికి కబురు పెట్టాను. వాడొచ్చే రోజున, ఇవ్వాల్సిన వాటి మెడలకు తాళ్ళు కడుతుంటే, కొండదారిలో రొప్పుతూ ఒక మనిషి కనిపించాడు. తమ్ముడు. వాడు ఎత్తుకు ఎక్కి నా ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. అన్ని శుభకార్యాలకూ "వస్తాలే అక్కా" అనే రకం. ఎవరికేమైందోనని భయపడ్డాను.

వాడు గుమ్మంలో కూలబడి, మంచినీళ్ళు తాగి, ఊపిరి కుదుటపడ్డాక అన్నాడు. "అక్కా, నాకో సాయం కావాలి."

"ఏంటి?"

"ఆ గడ్డి నడుం దాకా పెరిగిపోయింది. గింజ రాలిపోయింది, ఇక ఎండుతుంది. ఎవడైనా చుట్ట పారేస్తే షెడ్డుతో సహా నేనూ తగలబడిపోతాను. కోద్దామంటే నాకు ఓపిక లేదు. నువ్వు కోసుకుపోతావా?"

వాడు నా వైపు కాకుండా మేకల వైపు చూస్తున్నాడు.

"మొదలంటా కోయకూడదట, పిల్ల చెప్పింది. జానెడు వదిలెయ్యాలి. పైభాగం కూడా రెండు మూడేళ్ళలో అలాగే లేస్తుందట. అదీ నేను కొయ్యలేను. ముందే చెప్తున్నా" అన్నాడు. "ఒక్క షరతు. నువ్వు లోపలికి రా. మేకలు వద్దు. మంచి చొక్కా ఇదొక్కటే ఉంది."

వాడికి నిప్పు భయం లేదని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. తాళ్ళు విప్పేశాను. బేరగాడికి టీ ఇచ్చి పంపించాను.

ఆ మధ్యాహ్నమే కొడవలి తీసుకుని వెళ్ళాను. వాడు కంప జరిపి పట్టుకున్నాడు. అన్నేళ్ళలో ఆ కంచె లోపల నేను కాలు పెట్టడం అదే మొదలు. లోపల గాలి కూడా చల్లగా ఉంది. కోయడానికి వంగబోయాను.

"వచ్చీ రాగానే పనేనా? కాసేపు కూర్చో అక్కా" అన్నాడు.

"నీలాగా కూర్చుంటే మందకు మేతెవరు పెడతారు" అన్నాను గానీ, కూర్చున్నాను. వాడు పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. కింద వీధి, టీ కొట్టు, అన్నయ్య అడ్డంగా తీసిన కొత్త చాళ్ళు అన్నీ కనిపిస్తున్నాయి. పక్కనే నా చెక్క, ఎండకు తెల్లగా మెరుస్తోంది. అక్కడ మేకల్ని ఇక తోలకూడదని నేను అనుకున్నది ఆ క్షణమే. ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి లేచి బట్టలు దులుపుకోబోతే చేతికి చల్లగా తగిలింది. వెనకంతా తడిసిపోయింది. వాన పడి నెల దాటింది. చినుకు లేదు, మంచు లేదు, నట్టనడి మధ్యాహ్నం. అరచెయ్యి చూసుకున్నాను, నల్లటి మట్టి అంటుకుంది. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"చెప్పొద్దూ, చెరువులో కూర్చోబెట్టావేంట్రా?" అన్నాను.

"అందుకే నేను చాప వేసుకుంటాను" అన్నాడు వాడు, కళ్ళు మూసుకునే.

కొడవలి పక్కన పెట్టి మళ్ళీ అక్కడే కూర్చున్నాను. పైన దొడ్డిలో మేకలు అరవడం మొదలుపెట్టాయి. కాసేపు అరవనిచ్చాను.